చీకటి గదిలో రెండు వేళ్ళ దూరం

మా వీధి మలుపులో, రెండో అంతస్తులో ఉన్న కంటి ఆసుపత్రి డాక్టరమ్మ, ఒక సాయంత్రం చీకటి గదిలో తన భర్త కాని మగవాణ్ణి ముద్దు పెట్టుకుంది. ఈ సంగతి మా పేటలో అందరికీ తెలుసు. పాలు పోసేవాడికి తెలుసు, పన్ను పీకే డాక్టరుకు తెలుసు, వినికిడి సరిగా లేని మా పక్కింటి పెద్దాయనకు కూడా తెలుసు. తెలియడానికి వినవలసిన పని లేదు. ఫోనులో చూస్తే చాలు.

అతడు భర్త కాడని ఎలా తెలిసిందంటే, దానికి ఒక శాస్త్రీయమైన ఆధారమే ఉంది. వీడియోలోని మగవాడికి ఒత్తయిన జుట్టు. డాక్టరమ్మ భర్తకు పెళ్ళినాటికే నుదురు నడినెత్తి దాకా పాకింది. ఆ భర్త నా కొడుకు. ఆ డాక్టరమ్మ నా కోడలు.

వీడియో ఎంతసేపుంటుందంటే, ఊపిరి బిగపట్టి వదిలేంతసేపు. ఎదురు భవనంలో మెట్ల మలుపు దగ్గర నిలబడి ఎవరో తీశారు. ఆ భవనానికీ ఆసుపత్రికీ మధ్య ఒక స్కూటరు దూరేంత సందు మాత్రమే ఉంది. కిటికీ తెర ఒక కొక్కెం ఊడి కొంచెం జారి ఉండడంతో లోపల ఉన్నది మసకమసకగా కనిపిస్తుంది. గళ్ళ చొక్కా వేసుకున్న మగవాడొకడు కుర్చీలో కూర్చుని ఉంటాడు. వీపు మనవైపు. తెల్లకోటులో ఉన్న స్త్రీ అతని మీదికి వంగుతుంది. ఎడమచెయ్యి అతని నుదుటి మీద ఆనిస్తుంది. ఆమె ముఖం అతని ముఖానికి చేరుతుంది. చేరి, అక్కడే ఉండిపోతుంది. ఆ తరువాత ఆమె వెనక్కి జరుగుతుంది. అంతే. దాని కింద ఎవరో ఎర్ర అక్షరాలతో ‘చీకటి వైద్యం’ అని పేరు పెట్టారు. పేరు పెట్టినవాడికి ఏం జరిగిందో తెలియకపోవచ్చు గాని, పేర్లు పెట్టడం బాగా తెలుసు.

నాకు దాన్ని పంపినవాడు నా బావమరిది. మా కుటుంబంలో అతన్ని అందరూ ‘టపా’ అంటారు. చేతికి వచ్చిన ఏ సమాచారమైనా అతని దగ్గర ఒక్క క్షణం కూడా నిలవదు. పొద్దున నడకకు వెళ్ళేవాళ్ళందరికీ కలిపి ఒక ఫోను గ్రూపు ఉంది, అందులో పెట్టేశాడు. పెట్టిన కాసేపటికి మా ఇంటికి పరిగెత్తుకొచ్చాడు.

“బావా, గ్రూపు చూశావా?”

“లేదు.”

“చూడకపోతే ఇక చూడకు. చూశాక నన్ను తిట్టకు.”

చూశాను. రెండోసారి కూడా చూశాను.

“ఇది మన అమ్మాయి కదయ్యా,” అన్నాను.

“పంపాక చూశాను బావా.”

“చూశాక పంపడం అనేది ఎప్పుడైనా ప్రయత్నించావా?”

“అలా చూస్తూ కూర్చుంటే ఈలోగా ఇంకొకడు పంపేస్తాడు,” అన్నాడు. అతని బాధ నిజమైనదే. అతనే మొన్ననే మా కోడలి దగ్గర కళ్ళు చూపించుకుని, చుక్కల మందు తెచ్చుకుని, “బంగారంలాంటి చెయ్యి” అని పొగిడాడు. ఆ చేతినే ఇప్పుడు ఎర్ర అక్షరాలతో సహా పేటంతటికీ పంచాడు.

నలభై ఏళ్ళు కాలేజీలో భౌతికశాస్త్రం చెప్పినవాణ్ణి. కళ్ళతో చూశామన్న మాట మీద నాకు మొదటినుంచీ గౌరవం తక్కువ. నీళ్ళగ్లాసులో పెట్టిన చెంచా విరిగినట్టు కనబడుతుంది. దాన్ని నేనూ కళ్ళతోనే చూశాను. అయినా నా కోడలి విషయంలో నాకొక ఇబ్బంది ఉంది. ఆమె అంటే నాకు ఇష్టం. ఇష్టం ఉన్నచోట మనిషి ఆధారం అడగడు. అడగకపోవడాన్ని నమ్మకం అని పిలుచుకుంటాడు. ఆ సౌకర్యం నాకు వద్దనుకున్నాను.

ఆ రాత్రి భోజనాల దగ్గర నా భార్య గరిటె కింద పెట్టింది.

“అమ్మాయ్, నేను నిన్నేమీ అడగను. అడగనని చెబుతున్నాను, అంతే.”

“అడగండి అత్తయ్యా. అడక్కపోతే మీకు అన్నం సయించదు,” అంది కోడలు. ఆమె మామూలుగానే తింటోంది.

“ఏమిటే అది?”

“పని చేసుకుంటున్నాను.”

“అదేం పని?”

“రోజూ చేసే పనే.” ఫోను తీసి వీడియోను మళ్ళీ ఆడించింది. కనుబొమలు ముడిచి చూసింది. “ఇందులో ముద్దెక్కడుందో నాకు నిజంగా అర్థం కావడం లేదు. ఎన్నిసార్లు చూసినా నేను పని చేసుకుంటున్నట్టే ఉంది.”

ఆమె బుకాయించడం లేదు. తన తల్లి వంట చేస్తున్న ఫోటో చూపించి, ఇందులో దొంగతనం ఎక్కడుందో కనుక్కో అంటే బిడ్డ ఎలా వెతుకుతుందో, అలా వెతుకుతోంది. నేను అది గుర్తుపెట్టుకున్నాను.

“అతనెవరో చెప్పెయ్. అక్కడితో వదిలిపోతుంది,” అన్నాడు నా కొడుకు. వాడు లిఫ్టులు బాగుచేసే ఇంజనీరు. ఆరోజు ఏ భవనానికి వెళ్ళినా లిఫ్టులో ఎక్కినవాళ్ళందరూ వాడి తలవైపు చూసి, గోడవైపు తిరిగారట. “నేను కాదని నా తలే సాక్ష్యం చెబుతోంది. ఆ వెధవెవడో వచ్చి, నేను కళ్ళు చూపించుకోవడానికి వెళ్ళానయ్యా అని ఒక్కమాట అంటే పోయేదేముంది?”

“అతను కళ్ళు చూపించుకోవడానికి వచ్చాడని నేనన్నానా?”

“రాలేదా?”

“వచ్చినవాడైతే పేరు చెప్పకూడదు. రానివాడైతే చెప్పనక్కర్లేదు. నువ్వు ఎటునుంచి తిప్పి అడిగినా అక్కడికే వస్తావు.”

“నేను నీ మొగుణ్ణి.”

“అందుకే ఇంత ఓపికగా చెబుతున్నాను.”

నా భార్యకు నవ్వొచ్చింది గాని ఆపుకుంది. ఆపుకోవడంలో ఆమెకు ఒక పాత కోపం కూడా సాయపడింది. కిందటేడు మా పక్కింటి పెద్దాయనకు కంటిలో శుక్లం తీశారు. నా భార్య ఆ వార్తను ఎవరి దగ్గరో విని, ఇంటికొచ్చి కోడలికి పూసగుచ్చినట్టు చెప్పింది. కోడలు చేతిలో పని ఆపి, “అలాగా అత్తయ్యా, ఇప్పుడెలా ఉన్నారట?” అని శ్రద్ధగా వింది. ఆ శుక్లం తీసింది తనేనని మాకు ఆ పెద్దాయన చెప్పేదాకా తెలియలేదు. ఆసుపత్రి గుమ్మం దాటాక ఆమెకు ఎవరి కళ్ళూ గుర్తుండవు. నిజంగా గుర్తుండవని కాదు. గుర్తున్నట్టు ఉండకూడదని ఆమె పట్టుదల.

మరునాడు ఆసుపత్రి సంఘం అధ్యక్షులవారు ఫోను చేశారు. సంఘమంటే మా పేటలోని పెద్దమనుషులు కొందరు కలిసి పెట్టుకున్నది, ఆసుపత్రి వాళ్ళదే. అధ్యక్షులవారు నీతి మీద మాట్లాడితే సభలో దగ్గు కూడా వినబడదు. ఆయనకు వయసుతో సంబంధం లేని నల్లని జుట్టు ఉంది. మాటకూ మాటకూ మధ్య దాన్ని చేత్తో సవరించుకోవడం అలవాటు. శనివారం సాయంత్రం సంఘం కూర్చుంటుందనీ, ఆ మనిషి పేరు చెప్పి అతన్ని పిలిపించి మాట్లాడిస్తే వ్యవహారం అంతటితో ముగుస్తుందనీ, లేకపోతే సోమవారం నుంచి ఆ కుర్చీ పక్కన వేరే డాక్టరు నిలబడతారనీ చెప్పారు. ఎంతో మర్యాదగా చెప్పారు.

ఆ ఉద్యోగం పోవడమంటే కోడలికి ఏమిటో మా ఇంట్లో అందరికీ తెలుసు. పెద్ద ఆసుపత్రిలో పేరున్న చోటు వదిలి, ఒక చూపు అక్షరాల బోర్డూ రెండు కుర్చీలూ తప్ప ఏమీ లేని ఆ మూడు గదుల్లోకి ఆమె కోరి వచ్చింది. మెల్లకన్ను పిల్లలకు మంచికంటి మీద పట్టీ వేసి, అది పీకేయకుండా వాళ్ళతో బేరాలాడి, బడి మాన్పించకుండా బాగుచేసింది. ఇప్పుడు ఈ మచ్చతో బయటికి వస్తే ఇంకొక గుమ్మం తెరుచుకోదు. ఎక్కడికి వెళ్ళినా ఆమెకన్న ముందు ఆ వీడియో వెళ్ళి కూర్చుంటుంది.

పేట మాత్రం ఆ మగవాణ్ణి వెతికే పనిలో పడింది. బొమ్మను ఆపి, పెద్దది చేసి, చొక్కా గళ్ళు నీలమా ఆకుపచ్చా అని వాదించుకున్నారు. “నాకూ ఈ మధ్య మసగ్గా కనిపిస్తోంది, నంబరు దొరుకుతుందా?” అని ఒకాయన రాస్తే, దాని కింద నవ్వుతున్న బొమ్మలు వరుసగా వచ్చాయి. “ఇంటి మగవాళ్ళను ఒంటరిగా కంటి పరీక్షకు పంపకండి” అని ఒకావిడ హెచ్చరించింది. ఒత్తయిన జుట్టున్న ఎలక్ట్రీషియన్ను కనబడ్డవాళ్ళల్లా ఆపి ఆరా తీస్తుంటే, అతను టోపీ పెట్టుకుని తిరగడం మొదలుపెట్టాడు. టోపీ ఎందుకు పెట్టుకున్నాడని మళ్ళీ అనుమానించారు. ఆ వారం మా పేటలో గళ్ళ చొక్కా వేసుకున్న మగవాడు కనిపించలేదు. ఇస్త్రీ చేసే ఆవిడ అయితే, “ఒక్క గళ్ళ చొక్కా కూడా రాలేదండీ, అందరూ బీరువాలో దాచారు,” అని ఆశ్చర్యపోయింది.

పేరు చెబితే ఆ మనిషికి ఏమవుతుందో నాకు అప్పుడు అర్థమయింది. ముద్దు పెట్టుకోలేదని నిరూపణ అయినా, అతని కన్నులో ఏముందో తెలుసుకునేదాకా వీళ్ళు ఊరుకోరు.

కొడుకు దగ్గరున్న పెద్ద తెర మీద నేను ఆ వీడియోను నెమ్మదిగా ఆడించి చూశాను. అందరూ చూసేది ముఖాలు కలిసిన చోటు. నేను దాన్ని వదిలేసి, విడిపోయే చోటు చూశాను. ఏ ప్రయోగంలోనైనా జనం దృష్టి పెట్టని చోటే కొంచెం సమాచారం మిగిలి ఉంటుందని నా అనుభవం. ఆమె వెనక్కి జరుగుతుంటే, అతని చెవి పక్కనుంచి ఒక చిన్న వెలుగు జారి, జారిన తెర అంచు మీద గుండ్రంగా పడి, వెంటనే ఆరిపోయింది. వెనక్కి తిప్పి చూశాను. మళ్ళీ పడింది, మళ్ళీ ఆరింది.

ముద్దుకు దీపం అవసరం లేదు.

పొద్దున వసారాలో కోడలు కాఫీ తాగుతూ ఉంటే వెళ్ళి పక్కన కూర్చున్నాను.

“అమ్మాయ్, నీ మీద నాకు నమ్మకం ఉందని చెప్పడానికి రాలేదు.”

“అమ్మయ్య,” అంది. “ఆ రోజునుంచి అందరూ అదే చెబుతున్నారు. చెప్పినవాళ్ళందరూ చెప్పాక నా ముఖంలోకి చూస్తున్నారు.”

“ఆ తెర మీద పడిన వెలుగు నీ చేతిలోదేనా?”

ఆమె కప్పు దించి నావైపు తిరిగింది. “మీరు చూశారా దాన్ని?”

“ఏమిటది?”

“నేను చెబితే మీరు నమ్మాలి. చూస్తే తెలుసుకుంటారు. మీకు రెండోదే ఇష్టం కదా మామయ్యగారూ.”

“అయితే చూపించు. నాకే కాదు, వాళ్ళకీ చూపించు.”

“ఎవర్ని పెట్టి చూపించను? ఆ మనిషి రాడు. రమ్మని నేను అడగను.”

నలభై ఏళ్ళపాటు పిల్లలకు చెప్పిన మాటే ఆమెకూ చెప్పాను. రెండు ఫలితాలను పోల్చాలంటే ఒక్కటి తప్ప ఏదీ మార్చకూడదు. అదే గది, అదే సాయంత్రపు వెలుగు, అదే కిటికీ, తెర అదే విధంగా జారి ఉండాలి. చూసేవాళ్ళు అదే మెట్ల మలుపులో నిలబడాలి. మారేది కూర్చున్నవాడు మాత్రమే.

“ఆ మనిషి పేరు మనకు అక్కర్లేదు,” అన్నాను. “అతను కూర్చున్న కుర్చీ చాలు.”

అలా చూపిస్తే ఆ కుర్చీలో కూర్చున్నవాడు కళ్ళు చూపించుకోవడానికి వచ్చాడని తేలిపోతుంది కదా అని ఆమె సందేహం. ఎవరో తెలియనంతవరకు అది ఎవరి రహస్యమూ కాదని నేనన్నాను. అంతటితో ఆమె ఒప్పుకుంది.

“కొక్కెం మటుకు ఇంకా పెట్టించలేదు,” అంది లేస్తూ. “పెట్టించనందుకు మొదటిసారి సంతోషంగా ఉంది.”

శనివారం సాయంత్రం ఆసుపత్రి ముందుగదిలో సంఘం కూర్చుంది. అధ్యక్షులవారు అక్షరాల బోర్డు కింద కూర్చున్నారు. ఆయన భార్య కూడా సంఘంలో సభ్యురాలే. సంఘం మొత్తంలో అధ్యక్షులవారి మాటకు అడ్డుచెప్పగలిగేది ఆవిడ ఒక్కతే. మిగతా సభ్యులు గోడ వారగా సర్దుకున్నారు. కోడలి తరఫు మనిషిగా నేను వెళ్ళాను. టపా వద్దంటే వినకుండా నా వెనక వచ్చాడు.

అధ్యక్షులవారు గొంతు సవరించుకున్నారు. తరువాత జుట్టు సవరించుకున్నారు.

“అమ్మా, నువ్వు మా బిడ్డలాంటిదానివి. నీకు చెడు చేయాలని ఎవరికీ లేదు. ఆ మనిషి పేరొకటి చెప్పు. అతను వచ్చి నోరు విప్పితే చాలు. దాచుకోవలసింది లేనివాడికి భయమెందుకు?”

“మీకు దాచుకోవలసింది ఏమీ లేదా సార్?”

“నాదంతా తెరిచిన పుస్తకం. ఎవరైనా చదువుకోవచ్చు.”

“అయితే చిన్న సాయం చేయండి. మీ కళ్ళు ఒకసారి చూస్తాను. కిటికీ తెర ఆరోజు ఎలా ఉందో అలాగే ఉంది. మిగిలినవాళ్ళు ఎదురు మెట్ల మీద నిలబడి చూస్తారు. మీకు సమ్మతమేనా? ఇష్టం లేకపోతే లేదనండి, నేనేమీ అనుకోను.”

“ఇష్టం లేకపోవడానికి ఏముంది? చూడు, చూడు.” లేచి చొక్కా లాక్కున్నారు. “రెండు కళ్ళూ చూడు.”

మేమందరం దిగి, సందు దాటి, ఎదురు మెట్లెక్కాం. మలుపు దగ్గర చోటు తక్కువ; అధ్యక్షులవారి భార్యను ముందు నిలబెట్టి మిగిలినవాళ్ళు ఆవిడ భుజాల మీదుగా మెడలు చాపారు. మసక వెలుగు. కిటికీలో కుర్చీ వెనుకభాగం, దాని మీద అధ్యక్షులవారి నల్లని తల కనిపిస్తున్నాయి. లోపల దీపం ఆరింది.

తెల్లకోటు కదిలింది. నా కోడలు ఆయన కుడిపక్కకు వచ్చి నిలబడింది. వంగింది. ఎడమచెయ్యి ఆయన నుదుటి మీద ఆనించింది. ఆమె ముఖం ఆయన ముఖానికి చేరింది. చేరి, అక్కడే ఉండిపోయింది.

అధ్యక్షులవారి భార్య చేతిసంచి జారి కింద పడింది. వంగి దాన్ని తీయాలన్న ధ్యాస కూడా ఆవిడకు లేదు. కుర్చీలో కూర్చున్న మనిషి తన భర్త అనీ, లోపల జరుగుతున్నది కంటి పరీక్ష అనీ, దానికి ఆయన అందరి ముందూ ఒప్పుకున్నారనీ ఆవిడకు తెలుసు. అన్నీ తెలిసి కూడా ఆవిడ చెంపలు ఎర్రబడ్డాయి. ఏమీ తెలియనివాళ్ళు వీడియో చూసి ఏమనుకుని ఉంటారో నేనిక చెప్పవలసిన అవసరం లేకపోయింది.

నా పక్కన టపా చెయ్యి అలవాటుగా పైకి లేచింది. ఫోను తెర వెలిగింది.

“దించు అది,” అన్నారావిడ, వెనక్కి తిరగకుండానే.

“ఊరికే వదినగారూ, పోల్చి చూద్దామని...”

“దించమన్నానా?”

దించాడు. నాకు తెలిసి టపా చేతికి వచ్చి కూడా ముందుకు వెళ్ళకుండా ఆగిపోయిన మొట్టమొదటి సమాచారం అది.

కిటికీలో ఆమె వెనక్కి జరిగింది. ఆయన చెవి పక్కనుంచి చిన్న వెలుగు జారి, తెర అంచు మీద గుండ్రంగా పడి ఆరింది. ఆమె ఎడమపక్కకు మారి, మళ్ళీ వంగింది. అధ్యక్షులవారు రెండు కళ్ళూ చూడమన్నారు కదా.

మేము తిరిగి వెళ్ళేసరికి ఆయన ముందుగదిలో కళ్ళు చిట్లిస్తూ కూర్చుని ఉన్నారు. మంచి ఉత్సాహంగా ఉన్నారు.

“ఇంతేనా? ఏముందిందులో? ఏం, చూశారా అందరూ?”

అందరూ ఆయన భార్యవైపు చూశారు.

“మీకేం కనిపించింది సార్?” అని అడిగింది కోడలు.

“ఏం కనిపిస్తుంది? వెలుగు.”

“నేను మీకు ఎంత దూరంలో ఉన్నాను?”

“ఎంతంటే... నువ్వు... అదేమిటి, కంట్లో దీపం కొడుతూ ఉంటే నువ్వెక్కడున్నావో నాకెలా తెలుస్తుంది?”

“నాకు తెలిసింది,” అన్నారు ఆయన భార్య.

ఆయన ఆవిడ ముఖం చూశారు. మా అందరి ముఖాలూ చూశారు. జుట్టు మీదికి వెళ్ళబోయిన చెయ్యి సగంలో ఆగింది.

ఆ గదిలో ఉన్నవాళ్ళలో ముప్పాతికమంది ఎప్పుడో ఒకప్పుడు ఆ కుర్చీలో కూర్చున్నవాళ్ళే. టపా అయితే మొన్ననే కూర్చున్నాడు. కూర్చున్న ప్రతివాడికీ వెలుగే గుర్తుంది. తనను వెనకనుంచి చూస్తే ఎలా ఉంటుందో ఎవరికీ తెలిసే అవకాశం లేదు. నా కోడలికేమో తన పని వెనకనుంచి ఎలా కనబడుతుందో తెలియదు. ఆ పని చేసేటప్పుడు ఆమె ఎప్పుడూ మనిషి కంటి లోపలే ఉంటుంది. ఇలా చేసేవాళ్ళూ చేయించుకునేవాళ్ళూ ఎవరూ చూడని ఒక దృశ్యాన్ని, రెండూ కానివాడు చూసి, తనకు తెలిసిన పేరు పెట్టాడు.

“మరి గడ్డం ఆనించే మెషిను ఉందిగా,” అన్నాడు గోడ వారనున్న ఒక సభ్యుడు. అడగవలసిన ప్రశ్నే. ఆయన అడిగినందుకు నాకు సంతోషం కలిగింది.

“ఉంది. దాంతోనూ చూస్తాను. కాని ముందుగా చేతిదీపంతో చూడడం నా అలవాటు. నాకు పని నేర్పినాయన అలవాటు అది. మెడ వంగని పెద్దవాళ్ళూ, మెషిను చూసి బెదిరే పిల్లలూ ఉంటారు. అందరికీ కుదిరేది ఇదే.” జేబులోంచి పిడి ఉన్న చిన్న పరికరం తీసి బల్ల మీద పెట్టింది. తలలో ఒక చిన్న రంధ్రం, దాని పక్కనే చిన్న దీపం. అందరూ వంగి చూశారు గాని ఎవరూ ముట్టుకోలేదు.

అప్పుడామె అధ్యక్షులవారివైపు తిరిగింది.

“సార్, మీ కంట్లో నేను చూసినదేమిటో మీకొక్కరికే చెప్పాలి. మిగిలినవాళ్ళు కాసేపు బయట కూర్చుంటే బాగుంటుంది.”

గదిలో కుర్చీలు కదిలాయి. కదిలినవి బయటికి కాదు, ముందుకు.

“ఏమైనా ఉందా అమ్మాయ్?” అన్నాడు టపా.

“ఉంటే ఉందనీ చెప్పను, లేకపోతే లేదనీ చెప్పను బాబాయ్. నిన్న వచ్చినవాళ్ళకీ అంతే, రేపు వచ్చేవాళ్ళకీ అంతే.”

“పెద్దదేమీ కాదుగా?” అన్నారు ఇంకొకాయన.

“శుక్లమేమో. ఈ వయసుకు మామూలే,” అన్నారు మరొకాయన.

“షుగరు ఉంటే కంట్లోనే ముందు తెలుస్తుందట.”

అధ్యక్షులవారు ఒకరి తరువాత ఒకరివైపు చూస్తున్నారు. ఎవరు మాట్లాడితే వారివైపు ఆయన తల తిరుగుతోంది. కుడిచెయ్యి తనకు తెలియకుండానే లేచి కంటిని కప్పుకుంది.

“నాకు చెప్పవచ్చు కదమ్మా,” అన్నారు ఆయన భార్య. “ఆయన భార్యను.”

“ఆయన చెప్పమంటే తప్పకుండా చెబుతానండీ.”

ఇప్పుడు అందరూ ఆయన నోటివైపు చూశారు. తెరిచిన పుస్తకం అన్న మాట ఆ గదిలో ఇంకా చల్లారలేదు. నేనైతే ఆయన్ను జాలితోనే చూశాను. మనిషి తన కంటిలో ఏముందో తనకు తెలియకముందే పదిమంది దాన్ని చర్చించడం ఎలా ఉంటుందో ఆయన తెలుసుకుంటున్నారు.

“మీరంతా బయట కూర్చోండి,” అన్నారు మెల్లగా.

“నేనూనా?” అన్నారు భార్య.

“నువ్వూను.”

బయటికి వచ్చాం. ఆవిడ మెట్ల మీద చేతిసంచి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. నావైపు చూసి, “ఆ అమ్మాయి మీ కోడలు కదూ?” అన్నారు. అవునన్నాను. “గట్టి పిల్ల,” అన్నారు. ఆ మాటలో కోపమెంతో మెప్పెంతో నేను విడదీయలేకపోయాను.

తలుపు తెరుచుకుంది. అధ్యక్షులవారు బయటికి వచ్చారు. ఆయన ముఖం చూసి ఏమైనా పోల్చుకుందామని అందరూ ప్రయత్నించారు, ఏమీ దొరకలేదు. ఇందాక మెషిను గురించి అడిగిన సభ్యుడు ఉండబట్టలేక, “మరి ఆ పేరు సంగతి?” అన్నాడు.

“ఏ పేరు?” అన్నారు అధ్యక్షులవారు.

సంఘం ఆ సాయంత్రం ఇంకేమీ చర్చించలేదు. మెట్లు దిగుతూ ఆయన ఆగి, పైకి చూసి, “సోమవారం కొక్కెం పెట్టించమ్మా,” అన్నారు.

సోమవారం కొక్కెం పెట్టించాం. కోడలు ఆ రోజూ ఆ కుర్చీ పక్కనే నిలబడింది. అధ్యక్షులవారి కంటిలో ఏముందో మా ఇంట్లో ఎవరికీ తెలియదు. నా భార్య రెండుసార్లు వేరే దారుల్లోంచి అడిగి చూసి విరమించుకుంది. ఆ గళ్ళ చొక్కా మనిషి ఎవరో నాకు ఈనాటికీ తెలియదు. తెలుసుకోవాలని అనిపించలేదంటే అబద్ధమవుతుంది, అయినా అడగలేదు.

వీడియో ఇంకా తిరుగుతూనే ఉంది. వేరే పేటలకు, వేరే పేర్లతో వెళ్ళింది. ఒకచోట ఆమె పళ్ళ డాక్టరు. వెళ్ళినదాన్ని వెనక్కి పిలవలేం. కనీసం బయల్దేరిన చోటనైనా సరిచేయాలని టపా ఒక సాయంత్రం ఫోను పట్టుకుని నా దగ్గరికి వచ్చాడు.

“బావా, గ్రూపులో నేనే పెట్టాను కాబట్టి నేనే రాస్తాను. ముద్దు కాదు అని రాయనా?”

“కాదు అని రాస్తే కాదన్నమాట ఎందుకొచ్చిందా అని ఆలోచిస్తారు. ఏమిటో రాయి.”

“నువ్వు చెప్పు, నేను రాస్తాను.”

చెప్పాను. అతను ఒక్క మాటా కలపకుండా రాశాడు. పంపేముందు, తన జీవితంలో మొదటిసారి, మొదటినుంచి చివరిదాకా చదువుకున్నాడు.

“చేతిదీపంతో కంటి లోపలి గోడను చూడాలంటే గది చీకటిగా ఉండాలి, డాక్టరు కన్ను మన కంటికి రెండు వేళ్ళ దూరంలోకి రావాలి. మన కుడికన్నును డాక్టరు తన కుడికంటితోనూ, ఎడమకన్నును ఎడమకంటితోనూ చూస్తారు. లేకపోతే ముక్కులు అడ్డుపడతాయి. అలా చూసేటప్పుడు డాక్టరు నోరు మన నోటికి ఎదురుగా ఉండదు. మన చెంప దాటి, చెవి వైపు ఉంటుంది.”